కదలని మంచం

లాసెల్స్ చేసిన వస్తువు కదలకూడదు. జమైకా నుంచి బ్రూక్లిన్ వచ్చి నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడు, ఎవరింటికెళ్లినా కుర్చీని ఒకసారి ఊపి చూసిగానీ కూర్చునేవాడు కాదు. చెవి మీద దోపిన పెన్సిలు చర్చిలో కూడా తీసేవాడు కాదు. ఆదివారం కొబ్బరిపాల అన్నం వడ్డించాక బల్లను అరచేత్తో నొక్కి చూసుకుని, అప్పుడు ప్రార్థన మొదలెట్టేవాడు. అందాకా పిల్లలు ఆకలితో కాచుకునేవారు. పెళ్లయిన ఏడాది భార్య ఐసిల్డా కోసం చేసిన మంచాన్నయితే బోల్టులతో నేలకే బిగించేశాడు. వాటికి పట్టే పానా ఇంట్లో ఒక్కటే.

అతను పోయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. జమైకా వాళ్ల ఆచారం ప్రకారం పొద్దు గుంకేలోగా మంచం చోటు మార్చాలి, లేకపోతే పోయినవాడు గదిని గుర్తుపట్టి తిరిగొచ్చేస్తాడు. కొడుకులిద్దరూ భుజాలు పెట్టి తోశారు. మంచం కదల్లేదు. కిటికీలో వెలుగు తగ్గిపోతోంది. కింద హాల్లో తొమ్మిదో రోజు పాటలు పాడటానికి చేరిన చుట్టాలు పాటలు ఆపేసి, అందరూ చెవులప్పగించి వింటున్నారు.

"బతికున్నప్పుడూ ఇంతే, ఒకరి మాట వింటేనా," అంది అతని అక్క డల్సీ. "ఆ పానా ఎక్కడ పెట్టాడో నీకేమైనా తెలుసా, ఐసిల్డా?"

"నన్నెప్పుడు ముట్టుకోనిచ్చాడు వదినా, ఆయన పనిముట్లు?"

"చీకటి పడితే ఇక నా చేతుల్లో లేదమ్మా. ఒరే, రంపం తెండిరా, కోసేద్దాం."

కొడుకులు గబగబా మెట్లు దిగారు. ఐసిల్డా మంచం మీద ఎప్పుడూ తను పడుకునే వైపే కూర్చుంది.

"రంపం ఎక్కడుందో ఏమో. నిదానంగా వెతుక్కోనీ వదినా," అంటూ కిటికీ వైపు చూసింది. ఏప్రన్ జేబులో ఆమె చెయ్యి పొద్దుటి నుంచీ ఆ పానాను వదల్లేదు.