కళ్ళకద్దుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, నేనొక పిల్లవాణ్ణి కావాలనే బంతితో కొట్టాను. ఇప్పుడు ఇంత సూటిగా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఈ ముక్క నోటితో అనడానికి నాకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. అది కూడా మా నాన్న పక్కన నిలబడి ఉండబట్టి అనగలిగాను.

మేము ఇలినాయ్‌లో అరోరాలో ఉండేవాళ్ళం. ఇప్పుడైతే ఈ ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది, కరివేపాకు కోసం పది నిమిషాలు డ్రైవ్ చేస్తే చాలు. అప్పట్లో మా బడి మొత్తానికి తెలుగు పిల్లలం నేనూ మా చెల్లెలూ ఇద్దరమే. మా నాన్న ఒక యంత్రాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఇంజనీరు. నాకు ఐదేళ్ళప్పుడు తెనాలి నుంచి మమ్మల్ని తీసుకొచ్చాడు. అమ్మ రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు రాయించేది, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆవిడ మొండితనమే కారణం. బేస్‌బాల్ మాత్రం వీధిలో పిల్లలు నేర్పారు. చెయ్యి బాగా కుదిరి పదేళ్ళకే పిచ్చర్‌నయ్యాను. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడే, కాకపోతే ఇక్కడ బంతి నేలని తాకదు, బ్యాటర్ ఒంటి పక్కనుంచే దూసుకుపోతుంది. జానెడు తేడా వస్తే వాడికి తగులుతుంది.

ఆ ఆటలో పుస్తకంలో రాయని రూలు ఒకటుంది. వాళ్ళ పిచ్చర్ మనవాణ్ణి కొడితే, మన పిచ్చర్ వాళ్ళవాణ్ణి కొట్టాలి. పెద్దవాళ్ళ ఆటలో ఇప్పటికీ ఉంది. టీవీ ముందు మా మేనల్లుళ్ళు దీని మీదే వాదించుకుంటారు. అలా కొట్టిన పిచ్చర్‌ని బయటికి పంపాలని ఒకడంటాడు, అది ఆటలో భాగం వదిలెయ్యాలని ఇంకొకడంటాడు. నన్ను మధ్యస్థం చెప్పమంటారు. నేను టీ పెట్టుకునే వంకతో లేచి వెళ్ళిపోతాను. నా జవాబు రెండు మాటల్లో చెప్పేది కాదు.

ఆ రోజు శనివారం. గెలిస్తే ఫైనల్‌కి వెళ్ళే మ్యాచ్. వాళ్ళ పిచ్చర్ విసిరిన బంతి మా జట్టులో నా ప్రాణస్నేహితుడి డొక్కలో తగిలింది. వాడు విలవిల్లాడిపోయాడు. అది కావాలని వేసిందో జారిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. మా కోచ్ మంచి మనిషే. బంతి ఎలా పట్టుకోవాలో నాకు ఓపిగ్గా నేర్పినవాడు. మేము బంతి విసిరే వంతు రాగానే నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నీకు తెలుసుగా అని మాత్రం అని వెళ్ళిపోయాడు. నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకోగలిగేవాణ్ణే. కానీ ఆయన నన్ను పెద్దవాడిగా చూసి అలా అన్నాడని నాకు లోపల గర్వంగా ఉంది.

బ్యాట్ పట్టుకుని వచ్చినవాడు వాళ్ళలో అందరికన్నా బాగా ఆడే కుర్రాడు. మా బడే, వేరే సెక్షన్. పొడుగ్గా, ముఖం నిండా మచ్చలతో ఉండేవాడు. నాకు వాడి మీద ఏ కోపమూ లేదు. నేను వాడి వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు. తుంటి మీద కాస్త కండ ఉన్నచోట తగిలేటట్టు విసిరాను. వాడు తప్పుకోబోయి అటు తిరగాల్సింది ఇటు తిరిగాడు. బంతి కుడి మణికట్టు మీద పడింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడయింది. వాడు అరవలేదు, బ్యాట్ వదిలేసి అక్కడే మట్టిలో కూర్చున్నాడు.

అప్పుడు నా చెయ్యి లేచి నా రెండు కళ్ళకీ తగిలింది. మా ఇంట్లో కాలు ఎవరికైనా తగిలినా, పుస్తకానికి తగిలినా, వెంటనే ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. నడక వచ్చిన దగ్గర్నుంచీ చేయించారు కాబట్టి అది ఆలోచించి చేసే పని కాదు. ఆ మైదానంలో అదేమిటో తెలిసినవాళ్ళు మా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

అవతలి కోచ్ పరుగెత్తుకొచ్చి, ఇది కావాలని చేసిందే, వాణ్ణి బయటికి పంపండి అని అంపైర్ మీద కేకలు వేశాడు. మా లీగ్‌లో పిచ్చర్ కావాలని కొట్టాడని అంపైర్ నమ్మితే ఆ మ్యాచ్ నుంచి పంపించేసేవారు, తరవాతి మ్యాచ్ కూడా ఆడనిచ్చేవారు కాదు. అంటే నాకు ఫైనల్ పోయినట్టే. అంపైర్ రిటైరైన పోస్ట్‌మ్యాన్, నిదానస్తుడు. నా దగ్గరికి వచ్చి, ఇందాక చేత్తో ఏం చేశావని అడిగాడు. నా నోరు పెగల్లేదు. ఆయన కంచె అవతల నిలబడి ఉన్న మా నాన్నని పిలిచాడు.

మా నాన్న లోపలికి వచ్చి నిటారుగా నిలబడి ఆ అలవాటు గురించి వివరంగా చెప్పాడు. ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. ఈ దేశంలో మన పద్ధతి ఒకటి నలుగురి ముందు గౌరవంగా చెప్పుకునే అవకాశం ఆయనకి ఎప్పుడోగానీ వచ్చేది కాదు. మావాళ్ళు తెలియక తగిలినప్పుడే అలా చేస్తారని, తన కొడుకు కావాలని కొట్టలేదని, దానికి తనది పూచీ అని చెప్పాడు. అంపైర్ ఆయన ముఖం చూసి నమ్మాడు. నాకు ఒక హెచ్చరిక ఇచ్చి ఆట సాగించాడు. మేము గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు.

ఆ చెయ్యి అబద్ధమాడిందా అని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. అది లేచినప్పుడు అలవాటు కొద్దీ లేచిందనే అనుకుంటున్నాను. కానీ అంపైర్ అడిగినప్పుడు నేను మౌనంగా ఉన్నాను, నాన్న నా తరఫున పూచీ పడుతున్నప్పుడు తల వంచుకుని ఉన్నాను. అబద్ధం అక్కడ ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ కాకరకాయలు తరుగుతూ కూర్చుంది. నాన్న భోజనాల బల్ల మీద ఏదో డ్రాయింగ్ పరుచుకున్నాడు. అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

“కాలు తగిలితే ఎవర్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటావురా?”

తగిలినవాళ్ళనే అన్నాను.

“మరి ఇవాళ నువ్వు ఆ పిల్లాడి దగ్గరికే వెళ్ళలేదేం?”

ఆవిడ మళ్ళీ అడగలేదు. నాన్న చేతిలో పెన్సిల్ బల్ల మీద పెట్టి, కాసేపు ఆ డ్రాయింగ్ వైపే చూసి, దాన్ని చుట్ట చుట్టేశాడు. ఆయన తిడతాడని, కొడతాడని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. ఆ పూట మా ఇంట్లో చెల్లెలు తప్ప ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్న ఆయన టై కట్టుకుని కనిపించాడు. ఆయన ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. సంతకం పెట్టి కిందికి పంపిన డ్రాయింగ్‌లో తప్పు దొరికితే, ఆ సంతకం ఎవరిదో వాళ్ళే స్వయంగా మెషీన్ల దగ్గరికి వెళ్ళి ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోవాలి. ఇంకొకరి చేత పంపకూడదు. పనివాళ్ళందరూ చూస్తుండగా అలా వెళ్ళడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆయన ఒకట్రెండుసార్లు నవ్వుతూ చెప్పాడు. ఆ పొద్దున మాత్రం నవ్వలేదు. “పద, నాకు పనుంది,” అన్నాడు. నీకు పనుంది అనలేదు.

నన్ను ఆ పిల్లాడి ఇంటికి ఈడ్చుకెళ్తాడనుకున్నాను. కారు అంపైర్ ఇంటిముందు ఆగింది. ఆయన వరండాలో కూర్చుని టమాటా నారు మడులకి తీసుకెళ్ళడానికి సర్దుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నాన్న కూర్చోలేదు.

“నిన్న నేను మీకు చెప్పిన మాట తప్పు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను,” అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు, ప్రతి మాటా విడివిడిగా.

అంతే. నా పేరు ఎత్తలేదు, నా వైపు తిరగలేదు. కొడుకు అబద్ధమాడాడని అనలేదు, పిల్లవాడు, క్షమించండి అని కూడా అనలేదు. తప్పు తనదే అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊళ్ళో ఆయనకంటూ ఉన్నది ఆ మాటొక్కటే. కొత్తచోట మనిషికి చుట్టాలు ఉండరు, పలుకుబడి ఉండదు, చెప్పింది నమ్ముతారా లేదా అన్నదొక్కటే ఉంటుంది. దాన్ని నేను నిన్న వాడేసుకున్నాను. ఆయన నన్ను చావగొట్టి ఉంటే ఎంతో బాగుండేదనిపించింది. ఏడుస్తూ, కావాలనే కొట్టానని చెప్పాను. కోచ్ అన్న మాటా చెప్పాను.

ఆ పెద్దాయన మట్టి చేతులు తుడుచుకున్నాడు. తరవాత దయగానే మాట్లాడాడు. మ్యాచ్ అయిపోయిందని, పన్నెండేళ్ళ పిల్లవాడు కోచ్ మాట ఎలా కాదంటాడని, నిజం చెప్పాడు కాబట్టి ఫైనల్ ఆడనిద్దామని అన్నాడు. నాకు ఆశ పుట్టింది. నాన్న వైపు చూశాను.

“మీరు నిన్న వీణ్ణి వదిలేసింది నా మాట మీద. ఆ మాట ఇప్పుడు లేదు. నా మాట లేకపోతే నిన్న ఏం చేసి ఉండేవారో అది చెయ్యండి,” అన్నాడు నాన్న.

అంపైర్ తల ఊపి, అయితే వచ్చే శనివారం ఆడడు అన్నాడు. కానీ ఊరికే ఇంట్లో కూర్చోవడం కాదన్నాడు. దెబ్బ తిన్న కుర్రాడికి ఒక అలవాటుందట. ఎనిమిదేళ్ళప్పట్నుంచీ లీగ్‌లో ప్రతి ఫైనల్ స్కోరూ, బంతి బంతికీ, తన పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటాడట. ఇప్పుడు మణికట్టు ఎముక చిట్లి పిండికట్టు వేశారు, రాయలేడు. వాడు ఒప్పుకుంటే నేను పక్కన కూర్చుని రాయాలి. ఆయనే లోపలికి వెళ్ళి ఫోన్ చేశాడు. ఒప్పుకున్నాడని చెప్పాడు.

మా కోచ్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. తరవాతి ఏడాది కూడా ఆయనే కోచ్. అది నాకు అప్పుడూ అన్యాయమే అనిపించింది, ఇప్పుడూ అన్యాయమే అంటాను.

శనివారం మా జట్టు మైదానంలో ఉంటే నేను చూసేవాళ్ళు కూర్చునే చెక్క మెట్ల మీద ఆ కుర్రాడి పక్కన కూర్చున్నాను. మా వాళ్ళు నా వైపు చూడలేదు. వాడు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. నా గీతలు వంకరగా వస్తే ఎడమచేత్తో చూపించి దిద్దించేవాడు. మొదటి గంటలో ఆ మాటలు తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. తరవాత ఒక బ్యాటర్‌కి బంతి వీపు మీద తగిలింది, జారిన బంతే. దానికి గడిలో ఏం రాయాలో చెప్పాడు, బంతి తగిలిందనడానికి గుర్తుగా మూడు ఇంగ్లీషు అక్షరాలు. కావాలని కొడితే వేరే గుర్తు ఉందా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. లేదన్నాడు.

ఆట వైపు చూస్తూనే, నువ్వు కొట్టబోతున్నావని బంతి విసరకముందే నాకు తెలుసు అన్నాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నన్నెవరూ అడగలేదు,” అన్నాడు.

నిజమే. ఆ రోజు అందరూ నా చుట్టూ చేరారు. నా చెయ్యి ఎందుకు లేచింది, నా మనసులో ఏముంది, నన్ను పంపాలా ఉంచాలా. మా నాన్న నా గురించి మాట్లాడాడు, కోచ్‌లు నా గురించి అరుచుకున్నారు. వాడు మట్టిలో చెయ్యి పట్టుకుని కూర్చునే ఉన్నాడు. సారీ అన్నాను. వాడు తల ఊపి, తరవాతి బ్యాటర్ పేరు చెప్పాడు. నేను రాసుకున్నాను. మా జట్టు ఓడిపోయింది.

నాన్న ఆ తరవాత ముప్పై ఏళ్ళు బతికాడు, ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మా మేనల్లుళ్ళకి నా జవాబు ఇది: శిక్షించాలి. నన్ను ఆ రోజు దయతో వదిలేసి ఉంటే, నేను నాన్న పరువు ఖర్చుపెట్టి ఫైనల్ ఆడినవాడిగా మిగిలిపోయేవాణ్ణి.

రిటైరయ్యాక వసంతం రాగానే శనివారాలు ఇక్కడి పిల్లల మ్యాచ్‌లకి అంపైర్‌గా వెళ్తున్నాను. ఇప్పుడు వాళ్ళలో సగం మంది మనపిల్లలే, అంకుల్ అని పిలుస్తారు. ఎవరికైనా బంతి తగిలితే కోచ్‌లు లేస్తారు, తల్లిదండ్రులు ఫోన్‌లలో వీడియో వెనక్కి తిప్పి చూస్తారు, అందరి కళ్ళూ పిచ్చర్ మీదే ఉంటాయి. నేను వాళ్ళని కాసేపు ఆగమని, దెబ్బ తిన్న పిల్లల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాను. ఎక్కడ తగిలిందని అడుగుతాను, ఏం జరిగిందో నువ్వు చెప్పమ్మా అంటాను. చాలామంది ఏమీ చెప్పరు, ఏడుస్తారు. అయినా వాళ్ళు లేచేదాకా అక్కడే ఉంటాను. ఒకప్పుడు నేను వెళ్ళవలసిన చోటు అదే, వెళ్ళలేదు.