ఎడమ దవడ ఇంగ్లీషు

నా తెలివితక్కువతనం గురించి మా ఊళ్ళో చెప్పుకునే కథలు పదమూడు. వాటిలో పన్నెండు కట్టుకథలు. పదమూడోది మాత్రం నిజం. దాన్ని వాళ్ళు బాగా తగ్గించి చెబుతున్నారన్న బాధతో నేనే రాసుకుంటున్నాను. ఒక హైస్కూలు తరగతిలోని నలభై రెండు నోళ్ళను నెల తిరక్కుండా ఒక పక్కకు వంచిన ఘనుణ్ణి నేను. వంచింది నేనే, చివరికి వంచన జరిగిందీ నాకే.

అప్పట్లో నేను మద్రాసులో బి.ఏ., ఆపైన బి.టి. పూర్తి చేసి, ఎర్రగుంట్లకు నాలుగు మైళ్ళ అవతల ఒక హైస్కూల్లో ఇంగ్లీషు అయివారుగా చేరి పది నెలలు. ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం విని సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఇంటికి పోయి మా నాయన వెంబడి శెనక్కాయ చేన్లో కలుపు తియ్యాలి. మా నాయన అందుకు సిద్ధంగానే ఉన్నాడు. నా కోసం రెండు సాళ్ళు కలుపు తియ్యకుండా ఉంచాడని కూడా తెలిసింది.

మద్రాసులో మాకు పాఠం చెప్పే పెద్దాయన ఒక మంత్రం ఉపదేశించాడు. ఇంగ్లీషు చెవితో కాదు, కంటితో నేర్చుకోవాలట. పిల్లలు పుస్తకం వైపు చూడకూడదు, అయివారి నోటి వైపు చూడాలి. నేను చేరిన మొదటి రోజే ఆ మంత్రం ఊదేశాను.

"పుస్తకాలు ముయ్యండి. నా నోరు చూడండి. నా పెదవి, నా దవడ, నా గడ్డం ఎట్ల కదిలితే మీవీ అట్లే కదలాల. వెంట్రుక వాసి తేడా రాగూడదు."

మా పిల్లలు మాట తప్పే రకం కాదు. పైగా ఇంగ్లీషంటే ఎట్లుంటుందో పోల్చి చూసుకోవడానికి ఆ ఊళ్ళో నా నోరు తప్ప మరో నోరు లేదు. హెడ్మాస్టరుగారిది లెక్కల ఇంగ్లీషు. అందులో అంకెలే ఎక్కువ.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఒకనాడు వేయించిన శెనక్కాయల్లో రాయి తగిలింది. నాపరాళ్ళ సీమ ఇది. రాయి నేలమీదే ఉంటుంది, నోట్లోకి రాదని ఎవరూ నాకు రాసివ్వలేదు. ఎడమ పక్క దవడ పన్ను రెండు చెక్కలైంది.

పీకించుకొమ్మన్నారు అందరూ. సర్కారు పన్ను కట్టమంటే ఏడుస్తూనైనా కడతాను గాని, ఉన్న పన్ను ఊడగొట్టించుకోమంటే మాత్రం నా ప్రాణం ఒప్పుకోదు. బస్సులు ఆగే చోట మస్తాన్ సాయిబు అని ఒక పెద్దమనిషి పళ్ళు పీకేవాడు. పీకిన పళ్ళన్నీ దండగా గుచ్చి వెనక గోడకు వేలాడదీశాడు. మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఆ దండకు నమస్కారం పెట్టి వెనక్కి వచ్చాను.

అందుకు బదులు ఎడమ దవడ కింద లవంగాలు పెట్టుకుని పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. దాంతో నోరు కుడి పక్కన మాత్రమే, అదీ గొళ్ళెం సడలిన కిటికీలా కొంచెంగా తెరుచుకునేది. లవంగం నీళ్ళు కారకుండా గడ్డం పైకెత్తి పెట్టేవాణ్ణి. వాక్యం అయిపోగానే గాలి తగిలి పన్ను జివ్వుమనేది. కళ్ళు మూసుకుని "స్స్స్" అని ఊపిరి లోపలికి పీల్చేవాణ్ణి. ఆ నెల పాఠం పేరు 'బావి'.

"దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ద వెల్... స్స్స్."

ఆ ఊరికి సంబంధించినంతవరకు అంతకన్నా పచ్చి నిజం ఏ భాషలోనూ లేదు. పిల్లలు భక్తిగా నా వెంట అనేవారు. నేను కళ్ళు మూసుకుని నొప్పి మింగుతూ, పర్వాలేదు, గొంతులు బాగా కలుస్తున్నాయి అనుకునేవాణ్ణి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అంటారు. ఇక్కడ పడింది పంటిపోటు ఎద్దు.

నెల గడిచాక హెడ్మాస్టరుగారు వరండాలో నన్ను ఆపారు.

"ఏమప్పా, నీ క్లాసు పక్కన వస్తాంటే నలభై మంది ఒకేసారి మిరపకాయ కొరికినట్ల ఉండాది. ఏం చెప్తాండావు?"

"ఇంగ్లీషు సార్."

"ఇంగ్లీషు ఇంత కారమని నాకు తెలీదు. ఎల్లుండి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. రవ్వంత తగ్గించు."

అప్పుడు, నెల రోజుల తర్వాత మొట్టమొదటిసారి, కళ్ళు తెరిచి పాఠం విన్నాను. నలభై రెండు గడ్డాలు ఆకాశానికి ఎత్తి ఉన్నాయి. నలభై రెండు నోళ్ళు కుడి పక్కకు తిరిగి ఉన్నాయి. చివర అందరూ కళ్ళు మూసుకుని "స్స్స్" అన్నారు. ముందు బల్ల మీది ఓబులేసు, క్లాసు లీడరు, ఎడమ బుగ్గ ఇంత ఉబ్బించుకుని కూర్చున్నాడు.

"ఏందిరా నోట్లో?"

"చింతపిక్క సార్. లవంగం అడిగితే మాయమ్మ ఇయ్యలే. అంగడోళ్ళ పిల్లోడు మాత్రం రోజుకు రెండు లవంగాలు తెచ్చుకుంటాండాడు. వానిదే శానా మంచి ఇంగ్లీషు సార్."

నేను పరుగెత్తి మస్తాన్ సాయిబు ముందు కూలబడ్డాను.

"ఇన్నాళ్ళకు ధైర్యం వచ్చిందా సామీ?" అన్నాడు పట్టుకారు తుడుస్తూ.

"ధైర్యం కాదు సాయిబూ, ఇన్‌స్పెక్టరు వస్తాండాడు."

"ఎవురో ఒకరు రావాల గదా. నోరు తెరువు."

పన్ను దండలో చేరింది. మరునాడు వంకర తీరిన నోటితో క్లాసులో నిలబడి, తిన్నగా, రెండు పక్కలా సమానంగా, "దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ద వెల్" అన్నాను.

ఓబులేసు లేచి చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఏమనుకోవద్దండి. నిన్నటిదాకా బాగా చెప్తాంటిరి. పంటితోపాటు ఇంగ్లీషు గూడా పోయినట్ల ఉండాది."

"పోలేదురా. ఇదే సరైంది."

"అట్లయితే నెల దినాలు మాకు తప్పు చెప్పినారా సార్?"

చూడండి, పాఠకులారా, ఇక్కడ అవునని ఉంటే బతికిపోయేవాణ్ణి. ఒక్క మాట. కాని ఆరు అణాల ఇస్త్రీ చొక్కా వేసుకున్న బి.ఏ., బి.టి. ఆ మాట ఎట్లా అంటాడు?

"లేదు లేదు," అన్నాను. "అదీ సరైందే."

"మేం దాంట్లోనే ఉంటాం సార్," అని కూర్చున్నాడు ఓబులేసు. నలభై ఒక్క తలలు ఊగాయి.

ఇన్‌స్పెక్టరు కర్నూలు నుంచి వచ్చాడు. కొత్త రాజధానిలో ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులవి. గుడారం దుమ్ము ఇంకా కోటుమీదే ఉంది. ఎప్పుడో ఆరు నెలలు లండన్‌లో ఉండి వచ్చాడట. ఆ ఆరు నెలల గురించి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడట. కుర్చీలో కూర్చుని, "కానివ్వండి," అన్నాడు.

ఓబులేసు లేచాడు. గడ్డం లేచింది. మూతి తిరిగింది. "దేర్ ఈజ్ నో వాటర్ ఇన్ ద వెల్... స్స్స్." వెనక నలభై ఒక్కరు అందుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎక్కడో మా శెనక్కాయ చేను, నా రెండు సాళ్ళు కనబడినట్టే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీశాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"లండన్‌లో మా ఇంటి పక్క ఒక ప్రభువు ఉండేవాడు," అన్నాడు. "ఇదే గడ్డం. ఇదే పెదవి. మాట చివర ఇదే ఊపిరి. ఇరవై ఏళ్ళకు మళ్ళీ విన్నాను. ఏదీ, మాస్టారూ, మీరూ చదవండి."

చదివాను. జీవితంలో అంత స్వచ్ఛంగా ఎప్పుడూ చదవలేదు. వినే కొద్దీ ఆయన ముఖం ఎండిన బావి అడుగులా తయారైంది. తనిఖీ పుస్తకం తెప్పించి రాశాడు: "విద్యార్థుల ఉచ్చారణ అమోఘము. ఉపాధ్యాయుడు ఇంకను విద్యార్థుల స్థాయికి రావలసియున్నాడు. మూడు నెలల పిదప తిరిగి పరీక్షింపవలెను."

గురువును మించిన శిష్యులంటే విన్నాం. గురువును ముంచిన శిష్యుల్ని ఆ రోజే చూశాను.

"ఇంకేముండాదప్పా," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఓబులేసు దగ్గర నేర్చుకో. తెలివైన పిల్లోడు."

నేర్చుకున్నాను. మూడు నెలలు, రోజూ సాయంత్రం బడి వదిలాక. వాడు కుర్చీలో, నేను బల్లమీద. "సార్, మూతి ఇంకొంచెం తిప్పండి. కండ్లు ముందే మూస్తాండారు. నొప్పి తెలియాల సార్, నొప్పి." లేని పంటికి నొప్పి తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. ఉన్న పన్ను నొప్పే నయం. చింతపిక్క కూడా వాడే అరువిచ్చాడు.

మూడు నెలలకు ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు, విన్నాడు, మురిసిపోయాడు, సంతకం పెట్టాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను కులదైవం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో నా నోటిని ఎవరికీ ఆదర్శంగా చూపను, మూతుల విషయంలో ఏ మనిషికీ సలహా ఇవ్వను.

ఆ ఒట్టు తరగతి గది నుంచి వరండా దాకా నిలబడింది. వరండాలో ఇన్‌స్పెక్టరు నా భుజంమీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మూడు నెలల్లో ఎట్లా సాధించారు? నాకూ ఆశగా ఉంది. ఆరు నెలలు అక్కడ ఉండీ నాకు ఆ పలుకు పట్టుబడలేదు."

"సులువే సార్," అన్నాను. "ఎడమ దవడలో పెద్ద కరక్కాయ ఒకటి పెట్టుకొని, పొద్దున్నే నూటెనిమిదిసార్లు. చివర ఊపిరి మాత్రం గట్టిగా పీల్చాల. ఒక మండలం నిష్ఠగా చేస్తే చాలు."

కరక్కాయ వగరు ఒకసారి నాకినవాళ్ళకు నేనేం చేశానో విడమరిచి చెప్పనక్కరలేదు.

నెల తిరిగేసరికి కర్నూలు ఆఫీసు గుమాస్తా ఒకాయన ఏదో పనిమీద మా బడికి వచ్చి, మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

"మా దొర గుడారంలో పొద్దున్నే ఏందో బుసలు కొట్టినట్ల వినపడిందప్పా. పామనుకొని బంట్రోతులు నలుగురూ కట్టెలు తీసుకొని చుట్టుముట్టినారు. గుడారం గుడ్డ ఎత్తి చూస్తే ఏముండాది? దొర. గడ్డం పైకెత్తుకొని, కండ్లు మూసుకొని, బావిలో నీళ్ళు లేవంటాండాడు."

"పాపం," అన్నాను. "కొట్టినారా?"

"రెండే. తెలీక."