వందన చెప్పిన తొమ్మిది

సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు చప్పుడు లేని మాట ఒకటి వస్తుంది. సాంచాలంటే మరమగ్గాలు. షెడ్డులో అవన్నీ ఒకేసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదవులు మాత్రం నిదానంగా, విడివిడిగా కదుపుతారు. అవతలివాళ్ళు ఆ పెదవులు చూసి పోగు తెగిందనో, నూలు కండె అయిపోయిందనో, చాయ్ వచ్చిందనో తెలుసుకుంటారు. దేవేందర్‌కు ఈ విద్య ఊహ తెలిసినప్పటి నుంచే ఉంది. దీనివల్ల ఏదో ఒక రోజు తల దించుకోవాల్సి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేసేవాడు.

అతను ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం సారు. పొద్దున్నే, బడి గంట కొట్టేలోపు, పిల్లలకు విలువిద్య నేర్పిస్తాడు. ఒకప్పుడు తానూ బాణాలు వేసినవాడే. కోరుట్లలో జరిగిన ఒక పోటీలో ఒక్క బాణం పక్కకు పోతే, దాని గురించే కుమిలిపోతూ మిగతా బాణాలన్నీ గడ్డిపాలు చేసి ఇంటికొచ్చాడు. ఆ ఓటమిలోంచి అతనికొక సిద్ధాంతం పుట్టింది. పుట్టడమే ఆలస్యం, కనపడిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ దాన్ని అంటగట్టాడు.

"ఇడిసిన బాణం ఇగ నీది గాదు," అనేవాడు. "దాని దిక్కు సూస్కుంట ఏడిస్తే చేతుల ఉన్న బాణం సుత పోతది. గీ ఆటకు కండలు గాదురా, మందం తోలు గావాలె. సిగ్గుపడేటోళ్ళు, ముఖం మాడ్సుకునేటోళ్ళు కబడ్డీకి పోండ్రి."

కబడ్డీ ఆడేవాళ్ళు ఈ మాట వింటే ఊరుకునేవాళ్ళో లేదో గాని, పిల్లలు మాత్రం తలలూపేవాళ్ళు. దేవేందర్ నేర్పేది కష్టపడే నేర్పేవాడు, ఆ మాట కాదనలేం. ఊపిరి ఎక్కడ బిగబట్టాలి, గాలి తగ్గేదాకా ఎంత ఓపికగా ఆగాలి, ఎదుటివాళ్ళు ఎంత కొట్టారో ఎందుకు చూడకూడదు, అన్నీ చెప్పేవాడు. బాణం ఎక్కడ గుచ్చుకుందో ఉన్నదున్నట్టు పలకాలని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని అతనికి తోచనే లేదు.

వందన అతని దగ్గర చేరింది ఎనిమిదో తరగతిలో. తండ్రి చంద్రమౌళికి నాలుగు సాంచాలున్నాయి. ఈ పిల్లకు సిగ్గు ఎక్కువ. బాణం కాస్త పక్కకు పడితే చెవుల దాకా ఎర్రబడిపోయేది. "ఏందే వందనా, గా బాణం నిన్నేమన్న తిట్టిందా, గట్ల తలకాయ్ దించినవ్?" అని దేవేందర్ అందరి ముందూ ఏడిపించేవాడు. ఎర్రబడ్డ ఆ పిల్లే మరు నిమిషం విల్లు ఎత్తితే చెయ్యి ఇంతైనా వణికేది కాదు. ఇది తన సిద్ధాంతానికి అడ్డం వస్తోంది కాబట్టి దేవేందర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మనిషికి తన మాట మీద అంత ప్రేమ.

రెండేళ్ళకు వందన జగిత్యాల పోటీల్లో చివరి మ్యాచ్‌కు వచ్చింది. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఎదురుగా ఉన్నది స్రవంతి అని కోరుట్ల అమ్మాయి. దేవేందర్ చేతి కింద ఇంతవరకు ఒక్కరూ రాష్ట్ర జట్టు ముఖం చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ చోటు పిల్ల కంటే సారుకే ఎక్కువ కావాలి. చంద్రమౌళి కూడా సాంచాలు బంద్ పెట్టుకుని వచ్చి తాడు అవతల జనంలో నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఆ మోతలో బతికిన మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి. ఆయన గుసగుస కూడా నాలుగిళ్ళకు వినపడుతుంది.

ఆ ఆటలో ఒక పద్ధతుంది. బాణాలు వేశాక ఇద్దరూ లక్ష్యం దాకా నడిచి వెళ్ళి, ఎవరి బాణం విలువ వాళ్ళే పైకి చెప్పాలి. ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే సరే, లేకపోతే రిఫరీని పిలవాలి. కోచ్‌లు వెంట వెళ్ళి వెనక నిలబడవచ్చు, నోరెత్తకూడదు.

వందన ఆఖరి బాణం పది అయితే గెలుపు. తొమ్మిది అయితే ఇద్దరూ సమానం, చెరొక బాణం మళ్ళీ వెయ్యాలి. దగ్గరికి వెళ్ళి దేవేందర్ చూశాడు. బాణం నడిమి వలయమైన పది గీత పక్కనే, బయటివైపు దిగింది. గీతను తాకితే పదే. తాకలేదు. గీతకూ బాణానికీ మధ్యలో దారప్పోగంత పసుపు రంగు కనపడుతోంది. స్రవంతి తన బాణాల మీదికి వంగి ఉంది. రిఫరీని ఎవరో పక్క లక్ష్యం దగ్గరికి పిలిచారు. వందన చెప్పబోయి, ఎందుకో అలవాటుగా సారు ముఖం వైపు చూసింది.

దేవేందర్ పెదవులు కదిపాడు. చప్పుడు లేదు. 'పది అను.'

అక్కడున్న జగిత్యాల వాళ్ళకూ కోరుట్ల వాళ్ళకూ అది ఎవరో పెదవులు తడుపుకోవడంలాగే కనపడి ఉంటుంది. చంద్రమౌళికి సారు వీపు తప్ప ఏమీ కనపడలేదు. సాంచాల షెడ్డులో పెరిగిన పిల్లకు మాత్రం చెవిలో అరిచినంత స్పష్టంగా తెలిసింది. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. లక్ష్యం వైపు తిరిగింది.

"తొమ్మిది," అంది.

స్రవంతి తలెత్తి చూసి తలూపింది. దేవేందర్‌కు తల కొట్టేసినట్టయింది. ఎవరికీ తెలియదు గదా అని ఒక పక్క మనసు నచ్చజెబుతూనే ఉంది. తెలియకూడని ఆ ఒక్క మనిషికే తెలిసిపోయింది.

ఆ తర్వాత చెరొక బాణం. స్రవంతి తొమ్మిది కొట్టింది. వందన విల్లు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. రెండేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి వణకడం దేవేందర్ చూశాడు. అది గాలి వల్ల కాదనీ భయం వల్ల కాదనీ అతనికి తెలుసు. బాణం ఏడులో దిగింది. ఏ చోటు కోసం ఆ పాడు మాట అన్నాడో, ఆ మాటే ఆ చోటును పోగొట్టింది.

ఇడిసిన బాణం ఇగ నీది కాదని తనకు తాను చెప్పుకున్నాడు. ఏళ్ళుగా పిల్లలకు పోసిన మందు తాను తాగి చూస్తే ఇంతైనా పనిచేయలేదు.

విల్లు విప్పి సంచిలో పెడుతున్న పిల్ల దగ్గరికి వెళ్ళాడు. "వందనా," అన్నాడు.

"బాణాలు తుడిసి పెట్టిన సార్," అంది తలెత్తకుండా. చెవులింకా ఎర్రగానే ఉన్నాయి. ఓడిపోయినందుకు కాదు, ఆ పిల్ల తన సారు తరఫున సిగ్గుపడుతోందని దేవేందర్‌కు అర్థమైంది. కొట్టినా, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం సిరిసిల్ల బస్సు కిక్కిరిసి ఉంది. తండ్రీ కూతుళ్ళకు సీటు దొరికింది. దేవేందర్ పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వేములవాడ దాటాక చంద్రమౌళి ఇక ఉండబట్టలేకపోయాడు.

"బిడ్డా, గా కోరుట్ల పిల్ల సూడనే సూడలేదట. పది అన్నా నడుస్తుండె అని అక్కడ నిలబడ్డోళ్ళంత అన్నరు. నువ్వు తొమ్మిది ఎందుకన్నవే?"

బస్సులో సగం మంది తిరిగి చూశారు. వందన అప్పుడు, మైదానం విడిచాక మొదటిసారి, దేవేందర్ ముఖం వైపు చూసింది. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"సారే చెప్పిండు బాపు. ఎక్కడ పడితే గదే చెప్పాలె, ఒక్కటి సుత ఎక్కువ చెప్పద్దని మొదటి సంది చెప్తడు."

"మరి ఆఖరి బాణం గట్లెందుకు పాయె?"

"గాలి అచ్చింది బాపు."

మైదానంలో ఆకు కూడా కదలలేదు. తన కోసం ఒక్క అంకె ఎక్కువ చెప్పుకోలేని పిల్ల అతని కోసం ఒకదాని మీద ఒకటి రెండు అబద్ధాలు ఆడింది. 'లేదు అన్నా, నేనే పది అనుమన్న' అని చెప్పెయ్యాలి. మాట నాలుక దాకా వచ్చింది. చుట్టూ ఇంతమంది వింటున్నారు.

చంద్రమౌళి కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. దేవేందర్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సోటు పోతే పోయింది సార్. నా బిడ్డకు మంచి బుద్ధి నేర్పిండ్రు," అన్నాడు బస్సంతా వినపడేలా. "నేను నిలబడుత గని, మీరు కూసోండ్రి."

వందన కిటికీ వైపు జరిగి చోటిచ్చింది. దేవేందర్ కూర్చున్నాడు.