పరగడుపున దొరికిన అడ్డగీత

2022 వేసవి, రేపల్లెలో ప్రమీల గారి రక్తపరీక్షల ల్యాబ్. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య కంప్యూటర్లు బాగుచేస్తూ తిరిగే నాకు అక్కడ మర్యాద ఎక్కువ, పని సరిగ్గా చేసినంతవరకు.

ముందురోజు హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది పెట్టి, తెల్లవారి ఆరింటికల్లా లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాజాగా ఎక్కించాను. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కూడా లేచింది. ఇక మిగిలింది, ట్యూబుల మీద అంటించే పేర్ల లేబుల్ ప్రింటర్. లేబుల్ రాకుండా ప్రమీల గారు ఎవరికీ సూది గుచ్చరు. ఒకప్పుడు రెండు ట్యూబులు తారుమారై, కొత్త పెళ్లికొడుక్కి వాళ్ల మావగారి షుగర్ వచ్చింది.

ఏడు దాటింది. బెంచీల మీద ఇరవై మంది పరగడుపున కూర్చున్నారు. ఎదురుగా ఇడ్లీ బండి. వాతావరణం ప్రశాంతంగానే ఉంది, అప్పటికి.

సిస్టమ్ మీద సర్వాధికారాలిచ్చే su కమాండ్ కొట్టాను. పాస్‌వర్డ్‌ను ఒప్పుకుంది. తర్వాత ప్రింటర్‌ను సిస్టమ్‌కు పరిచయం చేసే lpadmin కొట్టాను. 'command not found' అంది. ఆ పేరుగలవారు ఇక్కడ లేరని దాని భావం. reboot కొట్టాను. వారూ లేరంది.

"ఇన్‌స్టలేషన్ చెడిందండి. మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాలి. గంట పడుతుంది."

"గంటా!" అన్నారు ప్రమీల గారు. "వీళ్లంతా లేచి పక్క ల్యాబ్‌కి పోతారండి. మళ్లీ ఇటు తొంగిచూడరు."

ముందు బెంచీ మీది పెద్దావిడ కలగజేసుకుంది. "ఏంటి బాబూ, ఏం లేదంటంది?"

"రీబూట్ మామ్మగారూ. ఆపి మళ్లీ స్టార్ట్ చేసేది."

"ఆపడం రాని మిషనుంటదా ఎక్కడన్నా? మా చేలో మోటారుకే ఉంది. సరిగ్గా చూడు!"

చూశాను. /usr/sbin అనే ఫోల్డర్‌లో lpadmin, reboot బంధుమిత్ర సపరివార సమేతంగా కొలువుదీరి ఉన్నాయి.

తప్పు నాదే. కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితాను PATH అంటారు. వట్టి su నాకు అధికారం ఇచ్చింది గానీ, మామూలు యూజర్ జాబితానే చేతిలో ఉంచింది. అందులో /usr/sbin లేదు. కుర్చీ మారింది, తాళాలగుత్తి మారలేదు. పాత వెర్షన్‌లో రెండూ కలిపి ఇచ్చేవారు. నేను ఆ రోజుల్లోనే ఉండిపోయాను.

ఆ su లోంచి బయటికొచ్చి, పక్కన ఒక అడ్డగీత చేర్చి su - అని కొట్టాను. అధికారంతోపాటు దాని జాబితా కూడా వచ్చింది. ఈసారి lpadmin పలికింది. ప్రింటర్ గుర్రుమని ఆ పెద్దావిడ పేరుతో తొలి లేబుల్ బయటపెట్టింది.

"వెంకాయమ్మ గారూ, రండి!" అని ప్రమీల గారు పిలిచిన పిలుపు రైల్వేస్టేషన్ దాకా వినిపించి ఉండాలి. ఎనిమిదిన్నరకు బెంచీలు ఖాళీ. పక్క ల్యాబ్‌కి ఒక్కరూ పోలేదు.

యంత్రం లేదన్నప్పుడు అబద్ధమాడదు. తాను వెతికిన చోట లేదని మాత్రమే చెబుతుంది. అప్పట్నుంచి, చెడిందని తీర్పు చెప్పే ముందు ఎక్కడ వెతికావని దాన్ని అడుగుతున్నాను. ఆ ఒక్క ప్రశ్నతో చాలా ఇన్‌స్టలేషన్లు నా చేతిలో బతికి బట్టకట్టాయి.