అక్క ఎడమ చెవి కమ్మ

పెళ్ళయిన ఆడమనిషి చెవిలోంచి కమ్మ తీస్తే ఆమె భర్తకు ఏమవుతుందని మీరు నమ్ముతున్నారు? తప్పించుకోకుండా చెప్పండి. మాకలాంటి పట్టింపులు లేవండీ అనకండి. మీ ఇంటి ఇల్లాలు బోడి చెవులతో వీధిలోకి వెళ్ళడం మీరు ఎప్పుడైనా చూశారా?

కాలేజీ రోజుల నుంచీ హిందూపురంలో వేదికలెక్కి ఇలాంటి ప్రశ్నలు వేసినవాణ్ణి నేను. జాతకాల మీద, తాయెత్తుల మీద, చేతబడి మీద ఎంతోమందితో వాదించాను. చాలాసార్లు గెలిచాను. ఆ గెలుపుల్లో ఒక్కటి కూడా మా అక్క చెవికి అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది పెనుకొండ ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక నర్సు.

అక్కను ధర్మవరంలో ఇచ్చారు. వాళ్ళది మగ్గాల ఇల్లు. బావ పట్టుచీరలు నేస్తాడు. అక్క పక్కన కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టి ఇస్తుంది. ఆమెకు చాలా ఏళ్ళుగా షుగర్. రెండేళ్ళ కిందట, చలికాలంలో, పది రోజులు మా ఇంట్లో ఉంటుందని పిలుచుకురావడానికి వెళ్ళాను. తల మీద కొంగు కప్పుకుని, ఎడమవైపు మరీ బిగించి పట్టుకుని ఎదురొచ్చింది. చలిగాలి అంది. నేను కొంగు తీసి చూశాను.

చెవి తమ్మె రేగుపండంత ఉబ్బి నిగనిగలాడుతోంది. పసుపూ సున్నమూ కలిపి పట్టించిన పూత ఎండి పెచ్చులు కట్టింది. రాళ్ళ కమ్మ సగం మాంసంలోకి దిగబడి ఉంది.

"ఎన్ని దినాలాయె ఇట్ల?" అన్నాను.

"నాలుగు దినాలే. తగ్గిపోతాది లే."

"పది దినాలాయె," అన్నాడు బావ మగ్గం గుంతలోంచి. "కమ్మ తీయమంటే నా మీదికే వస్తాది. నా మాట యాడ వింటాది?"

"నువ్వు మాట్లాడొద్దు. నీ గుండె సంగతి నువ్వు చూసుకో," అంది అక్క.

అంతకు ముందు వేసవిలో బావకు గుండెనొప్పి వచ్చింది. బెంగళూరులో స్టెంటు వేశారు. అక్క లెక్క ప్రకారం ఆ నొప్పికి కారణం ఆమే. ఆ పొద్దున కమ్మలు మెరుగు పెట్టించడానికి తీసి కంసాలికి ఇచ్చి వచ్చిందట. సాయంత్రానికి బావ కూలబడ్డాడు.

నాకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? "ఆ పొద్దు నువ్వు బొరుగుల ఉగ్గాని తిన్నావా లేదా?" అన్నాను.

"తిన్నా. ఏమిటికి?"

"ఉగ్గాని తిన్న పొద్దే బావకు నొప్పొచ్చె. మరి ఉగ్గాని మానేసినావా?"

బావ మగ్గం ఆపి పకపకా నవ్వాడు. వేదిక మీదైతే ఆ మాటకు చప్పట్లు పడేవి. అక్క మాత్రం కొంగు మళ్ళీ బిగించుకుంది. "రేయ్, నీ ఉపన్యాసం హిందూపురంలో చెప్పుకో పో. ఈడ వద్దు," అంది.

మధ్యాహ్నం రైలెక్కాం. కాసేపటికే అక్కకు వణుకు మొదలైంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. హిందూపురం దాకా ఆగడానికి ధైర్యం చాలక పెనుకొండలో దింపేసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు కుర్రవాడు. షుగర్ చూస్తే బాగా పెరిగి ఉంది. "కమ్మ తీసి చీము బయటికి పంపాలి. ఆలస్యం చేస్తే పైన గట్టిభాగానికి పాకుతుంది. అప్పుడు చెవి దక్కదు. షుగర్ మనిషి, ఒళ్ళంతా కూడా పాకొచ్చు," అని ఉన్నమాట చెప్పాడు. అక్క అరచేత్తో చెవి మూసుకుంది.

"తీయొద్దు నాయనా. మందియ్యి, పోతాం."

నేను నోరు తెరిచాను. "మనిషి ప్రాణం కంటే..." అని మొదలుపెట్టానో లేదో, పక్కనున్న నర్సు నా వైపు తిరిగింది. యాభై దాటిన మనిషి, మడకశిర వైపు యాస. "సార్, మీరు కొంచెం ఆ వాకిలి తావ నిలబడండి. మీ గొంతుకే ఆయమ్మకు జ్వరం పెరుగుతాంది," అంది.

వెళ్ళి నిలబడ్డాను. ఆమె చెవిని ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని అక్క ఎదురుగా కూర్చుంది. "ఏమైందమ్మా? మొదట్నుంచీ చెప్పు," అంది.

అక్క చెప్పింది. కంసాలి, సాయంత్రం, అంబులెన్సు, బెంగళూరు. నర్సు మధ్యలో ఒక్క మాట అడ్డం వేయలేదు. నేను ఎన్నడూ పూర్తిగా విననిది అక్కడ వాకిట్లో నిలబడి విన్నాను. ఆ రోజు నుంచి స్నానానికి కూడా అక్క కమ్మలు తీయలేదు. వెనక బిగించే సీల వదులై ఎక్కడ జారిపోతుందోనని, కమ్మ కాడకు పట్టుపోగు చుట్టి దాని మీద సీల బిగించింది. మగ్గాల ఇళ్ళలో చాలామంది చేసే పనే, చేతికందేది పట్టుపోగే కదా. అది స్నానం చేసినప్పుడల్లా తడిసి, ఆరక, లోపలే మురిగిపోయింది. మొగుణ్ణి తానే చంపబోయానన్న భయంతో మా అక్క ఆ వేసవి నుంచీ బతుకుతోందని నాకు అప్పుడే తెలిసింది. ఆ భయం ముందు నేను ఉగ్గాని పెట్టాను.

నర్సు జుట్టు వెనక్కి తోసి తన చెవులు చూపించింది. రెండూ బోడివే. ఒక తమ్మె చీలి అతికిన గీత.

"పనిలో పసిబిడ్డలు పట్టి లాగుతారని తీసేసినా. ఒకతూరి చీరేసినారు కూడా. మా ఆయన బస్సు కండక్టరు. ఉండాడో లేడో అడుగుదామా?" అని ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏమప్పా, బతికే ఉండావా?"

అవతల బస్సు మోత. "ఏమే, పని లేదా నీకు? సోమందేపల్లి తావ ఉండా. బస్సు నిండా జనం."

"నేను కమ్మలు తీసి ఎన్నేండ్లాయె?"

"పాపకు పండ్లు రాకముందు తీస్తివి. ఇప్పుడు దానికే బిడ్డ పుట్టె. ఏమిటికి, కొత్తవి కావల్లనా? నా తావ దుడ్లు లేవు, ముందే చెప్తాండా!"

అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే చెవి లాగింది. చెవి పట్టుకునే నవ్వింది.

"ఎడమదొగటే తీస్తావా? కుడిది ఉండనీ," అంది చివరికి.

"చెడింది ఒగటే కదా. మంచిదాని జోలికి నేనేంటికి పోతా? ఇంగో మాట, మీ ఆయనకు ఫోన్ చెయ్యి. నేను తీస్తాంటే ఆయప్పతో మాట్లాడుతానే ఉండు. ఏమన్నా అయితే నీకే తెలుస్తాది."

మూఢనమ్మకంతో రాజీ పడుతోందని నాకు లోపల చురుక్కుమంది. నోరు మూసుకున్నాను. అదృష్టం.

గోరువెచ్చని ఉప్పునీళ్ళ గుడ్డతో సున్నం పెచ్చును నానబెట్టి తీసింది. డాక్టరు వచ్చి తిమ్మిరి సూది వేశాడు. కుడి చెవికి ఫోను. అందులో బావ గొంతు: "మగ్గం మీదే ఉండా. కాఫీ తాగినా. అంచు తప్పు పోయింది, నువ్వు లేవు కదా." ఎడమ చెవి దగ్గర నర్సు సన్న కత్తెరతో పోగు పోగూ తుంచుతోంది. ఎర్రపట్టు నల్లగా మారి వచ్చింది. సీల తిరిగింది. కమ్మ ఊడింది. డాక్టరు వెనకవైపు చిన్న గాటు పెట్టాడు, చీము బొటబొటా కారింది.

"మాట్లాడు, ఏం ఆపేస్తివి?" అంది అక్క ఫోనులో.

"ఏం మాట్లాడల్లబ్బా? చెప్పిందే ఎన్నిసార్లు చెప్పల్ల?" అన్నాడు బావ, నిక్షేపంగా.

వేదికల మీద నేను పరీక్షించి చూడండి, పరీక్షించి చూడండి అని అరుస్తూ వచ్చాను. పరీక్ష చేసి చూపించింది ఆ నర్సు. అదీ, భయపడుతున్న మనిషి తానే ఫలితం వినేలా.

వెళ్ళేటప్పుడు, చాలా బాగా వాదించారని మెచ్చుకున్నాను. ఆమె చేతులు కడుక్కుంటూ నవ్వింది. "వాదించలేదు సార్. భయపడినోళ్ళతో వాదిస్తే ఇంకా బిగుసుకుంటారు. షుగర్ మాత్రలు సరిగ్గా మింగుతాందా చూడండి. మందుల కోర్సు మధ్యలో ఆపొద్దు. పసుపు, సున్నం, నూనె ఏదీ పూయొద్దు. కట్టు హిందూపురంలో మార్పించండి." అప్పటికే ఆమె కళ్ళు బల్ల మీద ఏడుస్తున్న తర్వాతి పసివాడి మీద ఉన్నాయి.

మూడు వారాల్లో చెవి మానింది. చిన్న సొట్ట మిగిలింది, అంతే. అక్క ఒక చెవికే కమ్మతో ధర్మవరం వెళ్ళింది. వీధిలో ఎవరైనా నొసలు ముడిస్తే, "మా ఆయన లోపల నేస్తాండాడు, పోయి చూసుకో. నీ చెవి ఇట్ల తిప్పు, సీల కింద పోగు చుట్టినావా?" అని అడుగుతోందట. అలా చూసి, పక్కింటి కోడలి వాచిన చెవిని మొదట్లోనే పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నా ఉపన్యాసాలు విని ఎవరూ అంత పని చేసినట్టు నాకు తెలియదు.

మీరు ఈ పేజీ మూసి లేవండి. మీ ఇంట్లో ఆడవాళ్ళ చెవి తమ్మెలు వెనకవైపు నుంచి చూడండి. ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటే ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కమ్మ తీయనంటే ఎందుకో అడిగి, చివరిదాకా వినండి. డాక్టరు కమ్మ తీస్తున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడండి.