చర్చిలో నాన్న ఇచ్చిన మాట

మా ఊరు కాలవకి చిట్టచివర. మా తర్వాత ఇక కొల్లేరే. పై ఊళ్ళవాళ్ళు తాగగా, తడుపుకోగా, చేపల చెరువులు నింపుకోగా మిగిలిన నీళ్ళే మాకు. తొలి పంట సార్వా వానలతో గడిచిపోయేది. ఎండాకాలపు రెండో పంట దాళ్వా వస్తోందంటేనే మా ఇళ్ళల్లో దిగులు మొదలయ్యేది.

ఆ ఏడు ఇరిగేషన్ వాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. ఇకమీదట నీళ్ళు వంతులవారీగా వదులుతారట, శివారు పొలాలకే మొదటి వంతట. రైతులంతా సంఘంగా చేరి ఒకేసారి నాట్లు ఊడ్చాలట. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలోనే మీటింగు పెట్టారు. జనం ఎలాగూ అక్కడే ఉంటారని వాళ్ళ తెలివి. వచ్చిన ఇంజనీరమ్మ చిన్నపిల్ల, మంచిది. బోర్డు మీద కాలవ బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది. మావాళ్ళు వినీ విననట్టు కూర్చున్నారు. అప్పుడామె చర్చి పెద్ద అయిన మా నాన్నని రెండు మాటలు చెప్పమంది.

నాన్న లేచి, ప్రతి ఆదివారం ప్రార్థన చేసే చోటే నిలబడ్డాడు.

"నీళ్ళొస్తాయండి. పూచీ నాది. దాళ్వా వేద్దాం."

ఆ చోట నిలబడి మా ఊళ్ళో ఎవరూ అబద్ధమాడరు. సర్కారు మాట వేరు, నాన్న మాట వేరు అని ఎవరికీ తోచలేదు. నాన్నకీ తోచలేదు. మా గట్టు పక్క పొలం ఒకాయనది, చుట్టరికం లేకపోయినా నాకు బాబాయే. ఉన్న ఆ ఒక్క చేనునీ చేపల చెరువుకి లీజుకిద్దామనుకున్నవాడు ఆ సాయంత్రమే మనసు మార్చుకున్నాడు.

మొదట్లో వంతులు సక్రమంగానే వచ్చాయి. కాలవ నిండుగా పారుతుంటే నాన్న రోజూ వెళ్ళి చూసొచ్చేవాడు. ఆ నీళ్ళేవో మీరే మోసుకొచ్చినట్టు మురిసిపోతున్నారండీ అని అమ్మ ఆటపట్టించేది.

చేను పొట్టకొచ్చింది. మా వంతు వచ్చింది, నీళ్ళు రాలేదు. పై ఊళ్ళల్లో కాలవకి ఇంజన్లు పెట్టి చేపల చెరువులు నింపుకుంటున్నారు. ఆ చెరువులవాళ్ళని ఏ మీటింగుకీ ఎవరూ పిలవలేదు, పిలిచినా వచ్చేవాళ్ళు కాదు. నేను నాన్నని తీసుకుని ఏలూరు ఆఫీసుకి వెళ్ళాను. ఇంజనీరమ్మకి బదిలీ అయిపోయింది. ఆ కుర్చీలో ఉన్నాయన చూద్దామండీ అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం ఆయనకి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. బస్సెక్కాం.

"ఊళ్ళోవాళ్ళకేం చెప్పనమ్మా నేను?" అన్నాడు కూర్చున్నాక.

కోతకొచ్చేసరికి అంతా తాలు గింజలే. బాబాయి నాన్నని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని నాన్న అమ్మ దగ్గర ఏడ్చాడు. మరుసటేడు బాబాయి చేను చెరువైంది. ఆ ఊటకి మా చేనూ పాడై, మేమూ చెరువుకే ఇచ్చేశాం. బాబాయి ఇప్పుడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆకివీడు వెళ్ళి చేపలకి ఐసు కొడతాడు. నాన్న చర్చి మానలేదు కానీ, వెనక వరసలో కూర్చుంటాడు. ప్రార్థన చేయమంటే తల అడ్డంగా ఊపుతాడు.

మొన్న ఇరిగేషన్ వాళ్ళు మళ్ళీ మా చర్చికి వచ్చారు. కొత్త ఇంజనీరు, మళ్ళీ నీటి సంఘం, అదే కాలవ బొమ్మ. ఈసారి తెర మీద. రైతులు కలిసిరాకపోతే ఏ మార్పూ నిలవదన్నాడు. అది నిజమే, కాదనను. ఊళ్ళో ఇంకా కొన్ని చేలు మిగిలే ఉన్నాయి. ఎవరైనా మాట్లాడమంటే జనమంతా వెనక్కి తిరిగి నాన్నని చూశారు. నాన్న తలెత్తలేదు. ఆయన పక్కనే కూర్చున్న బాబాయి లేచాడు.

"అన్నయ్య చెప్తే వేస్తామండి," అన్నాడు.

వేయడానికి బాబాయికి చేను లేదు. ఆ సంగతి తెలియని ఇంజనీరు సంతోషించి మైకు పంపించాడు. నాన్న దాన్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. చర్చి అంతా ఆయన ఊపిరి వినబడింది. ఆ మైకు బాబాయి చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.