తడిపిండి ఆరకముందే

నాకు చిన్నప్పటినుంచీ కూర్చున్నచోట కుదురు లేదు. "నీ కాళ్లకు చక్రాలున్నయే" అనేది మా అవ్వ. మావైపు అమ్మను అవ్వ అనే అంటాం. అరవైతొమ్మిదిలో నేను కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగ్ చదువుతుండగా తెలంగాణ ఉద్యమం వచ్చి క్లాసులు మూతబడ్డాయి. ఆ నెలల్లో బజారులో ఎవరు ఎదురైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. నువ్వు ఇక్కడిదానివా, అక్కడిదానివా? నేను ఇక్కడిదాన్నే. మా తాతలూ ముత్తాతలూ ఈ మట్టిలోనే కలిశారు. కాకపోతే ఊరి శ్మశానంలో కాదు, మిషన్ వాళ్ల సమాధుల తోటలో. ఆ సంగతి తెలియగానే అడిగినవాళ్ల మొహంలో "ఇక్కడిదే, గానీ..." అన్న మాట కనిపించేది. ఆ "గానీ" చాలా ఏళ్లు నా వెంటే తిరిగింది.

మా జిల్లాలో ఖాళీలు లేక నాకు ఉద్యోగం ఆదిలాబాద్ జిల్లాలో, బోథ్‌లో వచ్చింది. మా ఆయన కరీంనగర్‌లో గుమాస్తా. పదిహేను రోజులకోసారి బస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చి, బట్టలు ఉతికించుకుని వెళ్లేవాడు. నా కూతురికి అప్పటికి ఏడాది నిండలేదు. బాపు పోయాక ఊళ్లో ఒంటరిగా ఉన్న మా అవ్వను బతిమాలి తెచ్చుకున్నాను. పిల్లను అవ్వ చూస్తేనే నేను బడికి వెళ్లగలను. అవ్వ లేకపోతే ఉద్యోగం లేదు. ఇంతకంటే సులభమైన లెక్క నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఇల్లు దొరకడం మాత్రం అంత సులభంగా జరగలేదు. ఈ దేశంలో కిరాయికి ఇల్లు అడిగితే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, అందులోనూ తేలకపోతే ఏం కూర వండుకుంటారని అడుగుతారు. చివరికి ఒక మరాఠీ ముసలామె ఇంటి వెనక వరసలో ఒక గది, వంటిల్లు ఖాళీగా ఉన్నాయని తెలిసి వెళ్లాను. వాడకట్టంతా ఆమెను ఆయి అనేది. మరాఠీలో ఆయి అంటే అమ్మ. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "జాత్ కోన్తీ?" అని కులం అడిగింది. అప్పటికే నాలుగిళ్లు తిరిగి ఒళ్లు మండిపోయి ఉన్నాను.

"టీచర్" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి పెద్దగా నవ్వింది. "టీచర్ జాత్ చాంగ్లీ. " అంది. నెల నెలా జీతమొచ్చే జాత్ మంచిదేనని తన భాషలోనే చెప్పి తాళంచెవి ఇచ్చింది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అనుకుని ఆ ఇంట్లో దిగాను. ట్రంకుపెట్టె మాత్రం పూర్తిగా విప్పలేదు. బదిలీకి ఎప్పుడు కాగితం వస్తే అప్పుడు ఎత్తుకుని పోవాలని దాన్ని మంచం కిందికి తోశాను.

మా వరసలో మాతో పాటు ఇంకో రెండు కాపురాలు. ఒకటి దర్జీ సాయిబుది, రెండోది కోస్తా నుంచి వచ్చిన వ్యవసాయశాఖ ఉద్యోగిది. బడిలో ఇంకా విచిత్రం. నా క్లాసులో గోండు పిల్లలు, లంబాడా పిల్లలు, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు. కూర్చోండర్రా అని నాలుగు భాషల్లో చెప్పడం నేర్చుకున్నాను. నాలుగింటిలోనూ ఒక్కడూ కూర్చునేవాడు కాదు. జనవరి జెండా పండుగకు పిల్లలకు రకరకాల రాష్ట్రాల వేషాలు వేయించమన్నారు పెద్దసారు. అద్దాల రవికె, గవ్వల కుచ్చులతో రోజూ బడికొచ్చే లంబాడా పిల్ల తనకు పట్టులంగా కావాలని ఏడ్చింది. మరాఠీ పిల్ల పంజాబీ వేషం తప్ప వేయనంది. ఎవరికీ తమలాగా ఉండాలని లేదు. వాళ్లను ఏమనగలను? నాకూ ఆ ఊళ్లో ఉండాలని లేదు.

నాకు కనీసం బడి ఉంది. అవ్వకు అదీ లేదు. బావి దగ్గర ఆయి మరాఠీలో మాట్లాడేది, అవ్వ తెలుగులో జవాబు చెప్పేది. ఇద్దరూ తలలూపుకునేవాళ్లు. ఇంటికొచ్చి అవ్వ బిందె దించుతూ, "ఏమన్నదో ఏమో, నేనైతే అవునన్న" అని నవ్వేది. చలికాలం వచ్చేసరికి ఆ నవ్వు కూడా పోయింది.

"నేను పోత బిడ్డా" అంది ఒకరోజు. "గీ ఊర్ల నాతోని గాదు."

"ఏమైందవ్వా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అంటే మంచిగుండు, తిరిగి నేనో మాటందును. క్రిస్మస్ అస్తుంది. సకినాలు సుట్టనీకె ఒక్క మనిషన్న లేని ఊర్ల ఎట్లుంటరే?"

తెలియనివాళ్లకు ఇది వట్టి పిండివంట గొడవలా కనిపించవచ్చు. మా కరీంనగర్ వైపు సకినాలు ఒంటిచేతి వంట కాదు. నానబెట్టిన బియ్యాన్ని తడిమీదే పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, పరిచిన బట్టమీద వేళ్ల సందునుంచి వరసలు వరసలుగా చుట్టాలి. పిండి ఆరితే చుట్టు విరిగిపోతుంది, ఆలస్యమైతే పులుస్తుంది. అందుకే వాడకట్టు ఆడవాళ్లంతా ఒక పూట ఒకరింట్లో, మరో పూట ఇంకొకరింట్లో కూర్చుని చుట్టిపెడతారు. పిలిస్తే ఎవరెవరు వచ్చారన్నదాన్ని బట్టి ఆ ఊళ్లో మనమెవరమో తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నూనెలో వేగినదాన్ని ఎవరింటిదైనా తినేవాళ్లుంటారు గానీ, మనం నీళ్లు పోసి కలిపిన పిండిలో చెయ్యి పెట్టేవాళ్లు తక్కువ. నాకు భయం పట్టుకుంది. ఎవరూ రాకపోతే అవ్వ వెళ్లిపోతుంది. నేను వెళ్లి అందరినీ పిలిచాను. ఎవరూ రామనలేదు, వస్తామని కూడా గట్టిగా అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం అవ్వ బట్ట పరిచి, పిండి కలిపి, తలుపువైపు చూస్తూ కూర్చుంది. మొదట ఆమెకు ఎప్పుడూ ఉన్న అలవాటు ప్రకారం చిన్న పిండిముద్ద చేసి బట్ట మూలన పెట్టింది. అది గౌరమ్మ. మా ముత్తాతల కాలంలోనే మిషన్లో కలిసినా ఈ గౌరమ్మ మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. పాస్టరుగారు వస్తే దానిమీద గిన్నె బోర్లించేది అవ్వ.

ముందుగా దర్జీ సాయిబు భార్య వచ్చింది. "జర నాకు చూపెట్టమ్మా" అని కూర్చుని, సకినాన్ని సేమ్యాలంత సన్నగా లాగి తెంపేసింది. తర్వాత కోస్తా ఆవిడ ఇత్తడి గొట్టం పట్టుకుని వచ్చింది. "చేత్తో ఎందుకండీ ఇంత శ్రమ? మావైపు ఇందులో పెట్టి నొక్కేస్తామండీ" అంది. అవ్వ ఆ గొట్టాన్ని పాముని చూసినట్టు చూసింది. "గా తుపాకిని అవుతల పెట్టు బిడ్డా" అంది. ఆవిడ నవ్వి, కొంగు దోపుకుని, చేత్తోనే మొదలుపెట్టింది. ఆవిడ చుట్లు వంకరటింకరగా ఉన్నా నిలబడ్డాయి.

చివరికి ఆయి వచ్చి గడపలో నిలబడింది. లోపలికి రాలేదు. ఆమె చూపు పిండి మీదినుంచి మూలనున్న ముద్ద మీదికి పోయింది. "గౌరీ?" అంది. అవ్వ ఎప్పటిలాగే తలూపింది. ఆయి గబగబా ఇంటికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, గడప దాటి వచ్చి, మా మెథడిస్టు గౌరమ్మకు ఇంత బొట్టు పెట్టి కూర్చుని, తడిపిండిలో చెయ్యి పెట్టింది. అవ్వ నావైపు చూసింది. నేను పొయ్యివైపు చూశాను. ఆ పూట మా వంటింట్లో మూడు భాషల్లో అత్తల మీద చాడీలు నడిచాయి. ఆ రోజు నాకు బదిలీ సంగతి గుర్తు రాలేదు.

సాయంత్రం పళ్లెం నిండా సకినాలు పెట్టి ఆయి ఇంటికి తీసుకెళ్లాను. ఆమె కోడలు చేతికి అందుకోలేదు. "అరుగుమీద పెట్టు" అంది. రెండు మూడు రోజులకు చర్చి వాళ్లు నక్షత్రం దీపం ఎత్తుకుని, డప్పు కొట్టుకుంటూ వచ్చి మా గుమ్మంముందు పాడి వెళ్లారు. టీచరు జాతి సంగతి వాడకట్టంతటికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున నీళ్లకు పోయిన అవ్వ ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది.

"మన సకినాలు ఆయోళ్ల బర్రె తొట్లె ఉన్నయే" అంది. "బొట్టు పెట్టుడు పెట్టింది, సుట్టుడు సుట్టింది. తినలే."

ఏడవలేదు. చీరలు మడిచి మూట కట్టడం మొదలుపెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయి ఆ కోడలిని నాలుగూ అడిగేద్దామని, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసేద్దామని, ఉద్యోగం పోతే పోనీ అని, చంటిపిల్లను చంకనేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగాను. తిరగడం తప్ప ఏమీ చేయలేదు.

అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. ఆయి. కొంగులో ఏదో దాచుకుని లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు విప్పితే అరడజను సకినాలు. కోడలి కంట పడకుండా ముందే తీసి దాచుకుందట. మా మూలనున్న చిన్న రోలును చూపించి, నోరు తెరిచి, వేలితో చిగుళ్లు తట్టి చూపించింది.

"దాత్ నాహీత్" అంది.

ఆ నోట్లో ఒక్క పన్ను లేదు. ఇన్నాళ్లు ఆమె నవ్వితే నేను ఏం చూశానో నాకే తెలియదు. అవ్వ మూట పక్కకు జరిపి, సకినాలను రోట్లో వేసి మెత్తగా దంచింది. మా గ్లాసులో చాయ పోసి, ఆ పొడి కలిపి ఇచ్చింది. ఆయి మా పొయ్యి పక్కన కూర్చుని చెంచాతో తిన్నది. గ్లాసు అడుగు వేలితో తుడిచి నాకి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసింది.

అవ్వ ఆ రోజు వెళ్లలేదు. మూట మాత్రం చాలా నెలలు నా ట్రంకుపెట్టె పక్కనే ఉంది. ఆయి కోడలు మేమున్నన్నాళ్లూ మా ఇంటి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయి మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ భరిణెతో వచ్చి గౌరమ్మకు బొట్టు పెట్టేది, ఆ తర్వాత వారం రోజులు వెనక తలుపులోంచి చాయకు వచ్చేది. అవ్వకు మరాఠీ రాలేదు, ఆయికి తెలుగు సగమే వచ్చింది. ఏం మాట్లాడుకునేవాళ్లో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. నేను మాత్రం ఏటా బదిలీకి అర్జీ పెడుతూనే ఉన్నాను.

తొంభైలలో, నా కూతురు కరీంనగర్‌లో తండ్రి దగ్గర ఉండి కాలేజీకి పోతున్నప్పుడు, అడిగి అడిగి నేనే మరిచిపోయే వేళకు బదిలీ వచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ రోజే ట్రంకుపెట్టె బయటికి లాగాను. అవ్వ కదల్లేదు.

"నువ్వు పో బిడ్డా. నేనిప్పుడు రాను."

"వచ్చిన కొత్తలో ఈ ఊరొద్దు ఈ ఊరొద్దని ఏడ్చింది నువ్వే గదా?"

"అప్పుడు ఏడ్సిన. ఇప్పుడు నేనొస్తే ముసల్దానికి ఎవరు దంచి పెడ్తరే?"

నాకు కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. ఎంత చెప్పినా వినలేదు. గది కిరాయి నేను పంపిస్తానని చెప్పి ఒక్కదాన్నే బస్సెక్కాను. క్రిస్మస్‌కు తీసుకురమ్మని మా ఆయనను పంపిస్తే ఆయన కూడా ఒక్కడే తిరిగి వచ్చాడు. "ఆయికి పానం బాగ లేదట. సకినాలు సుట్టెటోళ్లు మీ ఊర్ల మస్తుమందున్నరు గదా, సుట్టుకోమన్నది మీ అవ్వ" అన్నాడు.

నిజమే కదా అనుకున్నాను. నా ఊరు, నా భాష, చుట్టూ నా చర్చి వాళ్లు. ఇక్కడ నన్ను నువ్వెవరని అడిగేవాళ్లు లేరు. రాత్రి బియ్యం నానబోసి, పొద్దున్నే గిర్నీలో పిండి పట్టించుకొచ్చి, బట్ట పరిచాను. పక్కింటామెను పిలిస్తే, "స్వీటుషాపుల కిలోలకు కిలోలు దొరుకుతుంటె ఇంకా సుట్టుడేందక్కా?" అంది. ఎదురింటామెకు నడుంనొప్పి. మరదలు టీవీ చూసి వస్తానంది. ఒక్కదాన్నే కూర్చుని, చెయ్యి తిరగక రెండు సకినాలు విరగ్గొట్టాను. అప్పుడు నా మీద నాకే జాలేసింది. ఇరవై ఏళ్లుగా ఏ ఊరికోసం పెట్టె సర్దుకుని కూర్చున్నానో ఆ ఊళ్లో నా బట్ట ముందు ఒక్క మనిషి కూర్చోలేదు.

లేచి, కలపని పిండినంతా తడి తువ్వాలలో మూటగట్టి, పైన ఇంకో గుడ్డ చుట్టాను. "ఎటు పోతున్నవే? నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు మా ఆయన.

"బోథ్‌కు" అన్నాను.

బస్సులో మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారంతా తొందరే. డ్రైవరు చాయకు ఆపితే తిట్టుకున్నాను, గొర్లమంద అడ్డమొస్తే తిట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె మూట చూసి, ఎవరమ్మా మీరు, ఏ ఊరు మీది అని అడిగింది. ఏమని చెప్పాలో నిజంగా తోచలేదు. నిర్మల్‌లో బస్సు మారేటప్పుడు ముడి విప్పి పిండిలో వేలు పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది.